మూడు నొక్కులు, మూడు సెకన్లు

2018 నవంబరు 28న హకీంపేట వైమానిక స్థావరం నుంచి శిక్షణకు బయల్దేరిన ఒక కిరణ్ జెట్ విమానం యాదగిరిగుట్ట ప్రాంతంలోని బాహుపేట దగ్గర కూలిపోయింది. రెండేళ్ల ముందు జిల్లాలు విడదీసేదాకా అది నల్లగొండ జిల్లా ఊరే. విమానం తునాతునకలైంది గానీ, నడుపుతున్న శిక్షణ పైలట్ ఎజెక్షన్ సీటుతో బయటికి వచ్చి పారాచూట్ మీద ప్రాణాలతో నేలకు దిగాడు. దానికి ఏడాది ముందు, 2017 సెప్టెంబరు 28న, కీసర వైపు అంకిరెడ్డిపల్లి దగ్గర హకీంపేటదే ఇంకో కిరణ్ కూలింది. అందులోని శిక్షణ పైలట్ కూడా ఇట్లాగే బతికారు.

వార్తగా చదివితే ఇదంతా ఒక్క వాక్యం: పైలట్ సురక్షితంగా బయటపడ్డారు. ఆ వాక్యం జరగడానికి పట్టిన కాలం కొద్ది సెకన్లు. ఆ సెకన్లలో ఒక లోహపు కుర్చీ, కొన్ని మందుగుండు గుళ్లు, ఒక మనిషి వెన్నెముక, కింద నేల ఎంత దూరంలో ఉందన్న లెక్క అన్నీ ఒకదానితో ఒకటి కుదరాలి. ఒక్కటి తప్పినా ఆ వాక్యం మరోలా ముగుస్తుంది.

ఇప్పుడు ఇంట్లో కంప్యూటర్ ముందు కూర్చుని యుద్ధవిమానం నడిపే కుర్రాళ్లు మన పట్టణాల్లోనూ ఉన్నారు. డీసీఎస్ వరల్డ్ లాంటి సిమ్యులేటర్‌లో మిగ్-21ను స్టార్ట్ చేయాలంటే నిజం విమానంలో లాగే స్విచ్‌లన్నీ వరసగా వేయాలి. రాడార్ అచ్చం ఆ రోజుల రాడార్ లాగే మొరాయిస్తుంది. దిగేటప్పుడు వేగం కొంచెం తగ్గితే విమానం రాయిలా పడుతుంది. భారత వైమానిక దళం 2025 సెప్టెంబరు 26న చండీగఢ్‌లో మిగ్-21కు వీడ్కోలు పలికింది గానీ, ఆ తెరల మీద అది ఇంకా ఎగురుతూనే ఉంది, అదీ ఎంతో శ్రద్ధగా. అంత శ్రద్ధ పెట్టిన ఆటలో విమానం వదిలి దూకాలంటే మాత్రం కంట్రోల్ కీ పట్టుకుని ‘ఈ’ అక్షరాన్ని మూడుసార్లు నొక్కితే చాలు. వార్ థండర్ అనే ఆటలోనైతే ‘జే’ కీని కాసేపు నొక్కి పట్టాలి. ఓ పేలుడు చప్పుడు, తర్వాత పారాచూట్ కింద ఊగుతున్న ఒక బొమ్మ. ఆటగాడు అప్పటికే ఇంకో విమానం ఎంచుకుంటుంటాడు.

లోపం బొమ్మల నాణ్యతలో లేదు. సీటు ఎగిరే దృశ్యం నానాటికీ మెరుగవుతోంది, ముందుముందు ఇంకా బాగుంటుంది. నా అభ్యంతరం వేరు. ఎజెక్షన్ అంటే ఆటలోంచి బయటికి పోయే తలుపు అన్న భావం కుర్రాళ్లలో పాతుకుపోతోంది. నిజానికి అది విమానయానంలో ఒక భాగం. దానికీ ఎత్తు కావాలి, వేగం సరిపడా ఉండాలి, విమానం ఎటు వాలి ఉందో చూసుకోవాలి. తెర మీద ఈ లెక్కలన్నీ చూపించవచ్చు. చాలాచోట్ల చూపించడం లేదు.

అన్ని విమానాలకూ ఈ సీటు ఉండదన్న సంగతి కూడా ఇక్కడే చెప్పాలి. 2022 ఫిబ్రవరి 26న ఇదే నల్లగొండ జిల్లాలో, పెద్దవూర మండలంలో, ఒక సెస్నా 152 శిక్షణ విమానం కూలి అందులో ఒంటరిగా ఉన్న శిక్షణ పైలట్ చనిపోయింది. పౌర విమానయానం నేర్పే అంత చిన్న విమానానికి ఎజెక్షన్ సీటు అమర్చరు. దాని బరువుకు, దాని పేలుడుకు, దాని నిర్వహణకు ఆ విమానం తట్టుకోదు. ఇంజను ఆగితే ఆ పైలట్ దగ్గర ఉండే ఉపాయం ఒక్కటే: నేలను వెతుక్కుని దిగడం. బాహుపేట కుర్రాడికి దొరికిన రెండో అవకాశం ఎజెక్షన్ సీటున్న విమానాలకే పరిమితం.

కిరణ్‌ను వి.ఎం. ఘాట్గే నాయకత్వంలో హిందుస్థాన్ ఏరోనాటిక్స్ రూపొందించింది. మొదటిసారి ఎగిరింది 1964 సెప్టెంబరు 4న. గురువు, శిష్యుడు పక్కపక్కనే కూర్చుంటారు. వాళ్ల కింద ఉండేది బ్రిటన్‌కు చెందిన మార్టిన్-బేకర్ కంపెనీ నాలుగో తరం సీటు. దానికి రాకెట్ లేదు. సీటు వెనక ఒకదానిలో ఒకటి దూరే ఉక్కు గొట్టాలు ఉంటాయి. పైలట్ హ్యాండిల్ లాగితే వాటిలో మొదటి గుండు పేలుతుంది. గొట్టం సాగుతున్నకొద్దీ మిగతా గుళ్లు అంటుకుంటాయి. సీటు పట్టాల మీద పైకి జారుతూ తన పనులు తనే చేసుకుంటుంది. కాళ్లు కాక్‌పిట్ అంచుకు తగిలి తెగిపోకుండా పట్టీలు బిగిసి వాటిని సీటుకు లాగుతాయి. అత్యవసర ఆక్సిజన్ తెరుచుకుంటుంది. అర సెకను తర్వాత ఒక చిన్న తుపాకీ డ్రోగ్ అనే బుల్లి గొడుగును గాలిలోకి విసురుతుంది, దాంతో సీటు గిరగిరా తిరగడం ఆగుతుంది. ఆ తర్వాత గడియారం లాంటి ఒక యంత్రం తాళాలు విప్పి మనిషిని సీటు నుంచి విడదీసి పెద్ద పారాచూట్‌ను బయటికి లాగిస్తుంది. బాగా ఎత్తున ఉంటే ఇదే యంత్రం కాసేపు ఆగుతుంది. ఊపిరాడని చలిలో గొడుగు విప్పకుండా మూడు వేల మీటర్ల దాకా కిందికి రానిచ్చి అప్పుడు విప్పుతుంది. ఇందులో ఎక్కడా కంప్యూటర్ లేదు. స్ప్రింగులు, పళ్ల చక్రాలు, మందుగుండు. అరవై ఏళ్ల కిందటి ఆ ఆలోచన మీద నాకు ఎనలేని గౌరవం.

ఇక మనిషి శరీరం సంగతి. ఈ తరం సీట్లు సుమారు 1.8 మీటర్ల గొట్టం పొడవులోనే సెకనుకు 24 మీటర్ల వేగం అందుకుంటాయి. హైస్కూలు ఫిజిక్స్‌తోనే లెక్క కట్టవచ్చు: వేగం వర్గాన్ని దూరానికి రెట్టింపుతో భాగిస్తే త్వరణం సెకను వర్గానికి 160 మీటర్లు. భూమి ఆకర్షణకు అది దాదాపు 16 రెట్లు. దాన్నే పైలట్లు 16 జీ అంటారు. సెకనులో ఏడో వంతు కాలం పాటు 70 కిలోల మనిషి సీటు మీద 1,100 కిలోలకు పైగా తూగుతాడు. ఆ భారంలో చాలా భాగాన్ని మోసేది వెన్నెముక. అది నడుము, ఛాతీ కలిసేచోట, అంటే పక్కటెముకల గూడు ముగిసి వెన్ను స్వేచ్ఛగా వంగడం మొదలయ్యే దగ్గర, ఎక్కువగా విరుగుతుంది. మనిషి ముందుకు వంగి ఉంటే వెన్నుపూసల ముందు అంచు నలిగి ముక్కోణంగా మారుతుంది.

ఈ విషయం తెలుసుకోవడానికి కొందరు తమ వెన్నునే ఒడ్డారు. 1945 జనవరి 24న మార్టిన్-బేకర్ కంపెనీలో బెర్నార్డ్ లించ్ అనే మెకానిక్ నిలువు పట్టాల మీద అమర్చిన సీటులో కూర్చుని పేల్చుకున్నాడు. మొదటిసారి మీటరున్నర కూడా లేవలేదు. తర్వాత ఎత్తు పెంచుకుంటూ పోతే నొప్పి మొదలైంది. ఆ పరీక్షల్లో కూర్చున్న ఒక విమాన పత్రిక విలేఖరికి వెన్నుపూస చితికిపోయింది. కంపెనీ అధిపతి జేమ్స్ మార్టిన్‌కు అప్పుడు అర్థమైంది: గరిష్ఠ త్వరణం ఎంత అన్నది సగం కథే, అది ఎంత హఠాత్తుగా వచ్చిందన్నది మిగతా సగం. అందుకే ఒకే పెద్ద గుండుకు బదులు ఒకదాని తర్వాత ఒకటి పేలే చిన్న గుళ్లు వచ్చాయి. 1946 జులై 24న అదే లించ్ ఎగురుతున్న మీటియర్ జెట్ నుంచి ఎజెక్ట్ అయి క్షేమంగా దిగాడు. జర్మనీలో హెల్ముట్ షెంక్ అప్పటికే, 1942 జనవరి 13న, మంచు పట్టిన హైంకెల్ విమానం నుంచి గాలి ఒత్తిడితో పనిచేసే సీటుతో బయటపడ్డాడు. ప్రపంచంలో ప్రాణాపాయంలో సీటు వాడి బతికిన మొదటి మనిషి అతనే.

తొలి సీట్లకు హ్యాండిల్ తల పైన ఉండేది. దాన్ని లాగితే ఒక మందపాటి గుడ్డ ముఖం మీదికి దిగేది. ఎదురుగాలి నుంచి ముఖాన్ని కాపాడటం దాని ఒక పని. చేతులు పైకెత్తి లాగితే వెన్ను తనంతట తనే నిటారుగా అవుతుంది, అది రెండో పని. ఇప్పటి సీట్లలో చాలావాటికి హ్యాండిల్ తొడల మధ్య ఉంటుంది, పసుపు నలుపు చారలతో. అందుకే పైలట్లకు కూర్చునే తీరును పదే పదే నేర్పుతారు: తల వెనక్కి ఆనించాలి, గడ్డం కొంచెం పైకి, వీపు సీటుకు అతుక్కోవాలి, మోచేతులు లోపలికి. సీటు మీద మెత్త కూడా గట్టిదే వేస్తారు. మెత్తటి పరుపు వేస్తే సీటు ముందు కదిలి, పరుపు అణిగిపోయాక ఒక్కసారిగా మనిషిని గుద్దుతుంది, దెబ్బ పెరుగుతుంది. యుద్ధవిమానం సీటు అంత కఠినంగా ఎందుకుంటుందో ఆటగాళ్లలో ఎంతమందికి తెలుసు?

ఇంట్లో ఏ సిమ్యులేటరూ 16 జీ ఇవ్వలేదు, ఇవ్వకూడదు. వైమానిక దళాల దగ్గర ఉండే శిక్షణ సీట్లు కూడా పట్టాల మీద మెల్లగా తోస్తాయి తప్ప నిజం దెబ్బ కొట్టవు. హ్యాండిల్ ఎక్కడుందో చేతికి అలవాటు కావడం, శరీరం సరైన తీరుకు రావడం, వాటితో నేర్పదలచినవి ఈ రెండే. కాబట్టి నొప్పి లేకపోవడాన్ని ఆట లోపంగా నేను లెక్కపెట్టను. నాకు లోపంగా కనిపించేది ఎత్తు లెక్క లేకపోవడం. ప్రాణాలు పోయేది ఎక్కువగా అక్కడే.

లెక్క చూద్దాం. విమానం నేలకు 300 మీటర్ల ఎత్తున ఉంది, అదుపు తప్పి సెకనుకు 60 మీటర్ల చొప్పున దిగుతోంది. నేల ఐదు సెకన్ల దూరంలో ఉంది. పైలట్ ఇంకొక్కసారి సరిచేసి చూద్దామనుకున్నాడు, రెండు సెకన్లు పోయాయి. మిగిలింది 180 మీటర్లు. హ్యాండిల్ లాగాడు. పైకప్పు అడ్డు తొలగి సీటు కదలడానికి అర సెకను పట్టిందనుకుందాం, ఇంకో 30 మీటర్లు పోయాయి. సీటు అతన్ని సెకనుకు 24 మీటర్ల వేగంతో పైకి నెట్టింది. కానీ విమానం 60తో కిందికి పోతోంది కదా, అంటే విమానం నుంచి బయటపడిన మనిషి ఇంకా సెకనుకు 36 మీటర్ల వేగంతో నేల వైపే వెళ్తున్నాడు. గొడుగు నిండుగా విచ్చుకునేదాకా మూడు సెకన్లు అనుకుంటే 108 మీటర్లు. ఈలోగా భూమి ఆకర్షణ వల్ల పెరిగిన వేగానికి ఇంకో 44 మీటర్లు. గాలి నిరోధాన్ని పక్కన పెట్టిన మోటు లెక్కే ఇది. అయినా కూడికలు చూడండి: 30, 108, 44 కలిపితే 182. ఉన్నవి 180. అదే మనిషి ఆ రెండు సెకన్లు వృథా చేయకుండా ముందే లాగి ఉంటే ఇంకా 118 మీటర్లు చేతిలో మిగిలేవి.

విమానం పక్కకు వాలి ఉంటే ఈ లెక్క ఇంకా చెడుతుంది. సీటు తోసేది విమానం పైకప్పు ఎటు ఉంటే అటు. 60 డిగ్రీలు వాలిన విమానంలో ఆ 24 మీటర్లలో నిట్టనిలువుగా పనికొచ్చేది 12 మాత్రమే. తలకిందులుగా ఉంటే సీటు నేల వైపే తోస్తుంది.

ఇక్కడ చాలామందిని తప్పుదారి పట్టించే మాట ఒకటుంది, జీరో-జీరో సీటు. నేల మీద నిలబడి ఉన్న విమానం నుంచి, వేగం ఏమీ లేకపోయినా బతికించగల సీటు అని దాని అర్థం. 1961 ఏప్రిల్ 1న డాడీ హే అనే పరీక్షకుడు రాకెట్ జోడించిన సీటులో నేల మీద నుంచే పైకెగిరి దాన్ని చేసి చూపించాడు. మన తేజస్‌లో ఉన్న సీటు అట్లాంటిదే. కిరణ్ సీటు ఆ కోవలోకి రాదు, నేల మట్టంలో పనిచేస్తుంది గానీ గంటకు సుమారు 165 కిలోమీటర్ల వేగమైనా ఉండాలి. అయితే జీరో-జీరో అన్న పేరు నేల మీద కదలకుండా ఉన్న విమానానికి వర్తిస్తుంది. కిందికి దూసుకుపోతున్న విమానానికి ఆ హామీ లేదు. 2010 మార్చి 3న హైదరాబాదులో విమాన ప్రదర్శన జరుగుతుండగా నౌకాదళం సాగర్ పవన్ బృందంలోని కిరణ్ విమానం న్యూ బోయిన్‌పల్లిలో ఒక భవనం మీద కూలింది. కమాండర్ సురేశ్ మౌర్య, లెఫ్టినెంట్ కమాండర్ రాహుల్ నాయర్ ఇద్దరూ చనిపోయారు. నేలకు దగ్గరగా చేసే విన్యాసంలో ఏదైనా తప్పితే ఆలోచించడానికి మిగిలే కాలం ఎంత తక్కువో నగరం ఆ రోజు కళ్లారా చూసింది.

దక్షిణ తెలంగాణ ఎత్తుపల్లాల మీద ఎగిరేవాళ్లకు ఇంకో చిక్కుంది. సముద్ర మట్టం లెక్కన సరిచేసిన ఆల్టీమీటర్ సముద్రం నుంచి ఎత్తు చెబుతుంది, కాళ్ల కింద నేల నుంచి కాదు. మహబూబ్‌నగర్ పట్టణమే సముద్ర మట్టానికి దాదాపు 500 మీటర్ల పైన ఉంది. నల్లగొండ 400 పైచిలుకు. హకీంపేట రన్‌వే ఇంకా ఎత్తు, 600 మీటర్లు దాటుతుంది. మహబూబ్‌నగర్ మీద ముల్లు 2,500 అడుగులు చూపిస్తే నేలకు నిజంగా ఉన్న ఎత్తు 860 అడుగులే. కింద నల్లరాతి గుట్ట ఏదైనా ఉంటే అదీ ఉండదు. సముద్రం ఒడ్డునో ఎడారిలోనో సాగే యుద్ధాల మ్యాపులకు అలవాటు పడ్డ ఆటగాడికి ఈ తేడా మనసుకు ఎక్కదు. ముల్లు మీది అంకెనే నమ్ముకుని ఇంకా టైముందనుకుంటాడు.

ఎఫ్-16 నడిపే అమెరికన్ పైలట్లకు ఎంత ఎత్తులో దూకాలో ముందే గీత గీసి పెట్టారు. విమానం అదుపులో లేకపోతే నేల నుంచి 6,000 అడుగుల లోపు దిగకముందే దూకాలి. అదుపులో ఉండి, వదలక తప్పదని తేలితే 2,000 అడుగులు. గీత దగ్గరికి వచ్చాక ఆలోచన ఉండకూడదు. ఆ ఆలోచనంతా ముందే, నేల మీద, చల్లగా కూర్చుని చేసేసి ఉండాలి. ఎందుకంటే గాలిలో మనసు పైలట్ మాట వినదు. ఇంజను మళ్లీ అంటుకుంటుందేమోనని ఆశ. కోట్ల విలువైన విమానం పోగొట్టానన్న పేరు వస్తుందన్న భయం. కింద ఊరుందేమో, ఇంకొంచెం పక్కకు తిప్పి వదులుదామన్న తపన. ఈ మూడింటిలో చివరిది అన్నిటికన్నా బరువైనది. 2025 ఏప్రిల్ 2న జామ్‌నగర్ దగ్గర రాత్రిపూట కూలిన జాగ్వార్‌లో పైలట్లు స్థావరానికీ చుట్టుపక్కల జనానికీ హాని కలగకుండా చూసుకున్నాకే ఎజెక్షన్‌కు పూనుకున్నారని వైమానిక దళం చెప్పింది. వాళ్లలో ఒకరు బతకలేదు.

ఆటలో ఈ మూడు బరువులూ లేవు. కింద ఊళ్లో మనుషులు లేరు, పోయిన విమానానికి ఖరీదు లేదు. దాంతో ఆటగాడికి రెండు చెడ్డ అలవాట్లు పడతాయి. ఒకటి, రెక్క విరిగిన విమానాన్ని చివరి క్షణం దాకా లాగి చూడటం. పోతే ఇంకోటి వస్తుంది కదా. రెండు, చిన్న చిక్కు రాగానే విసుగుతో కీలు నొక్కేయడం. నిజం పైలట్‌కు నేర్పేదానికి రెండూ విరుద్ధమే. సరదాగా ఆడేవాళ్లకు దీంతో వచ్చే నష్టం లేదు. కానీ వైమానిక దళంలో చేరాలని కలలు కంటూ ఈ తెర ముందు గంటలు గడిపే పిల్లలు మన జిల్లాల్లో ఉన్నారు. చేతికి పడ్డ అలవాటు వాళ్లతో పాటే దుండిగల్ వైమానిక దళ అకాడమీ దాకా వస్తుంది.

ఎత్తు తక్కువైతేనే కాదు, వేగం ఎక్కువైనా చిక్కే. ఎదురుగాలి ఒత్తిడి వేగం వర్గంతో పెరుగుతుంది. నేలకు దగ్గర గాలిలో గంటకు 400 కిలోమీటర్ల దగ్గర చదరపు మీటరుకు సుమారు 770 కిలోల బరువంత ఒత్తిడి. 800 దగ్గర మూడు టన్నులు దాటుతుంది. 1,100కు వచ్చేసరికి దాదాపు ఆరు టన్నులు. చేతులూ కాళ్లూ సీటు నుంచి విడివడితే గాలి వాటిని వెనక్కి విరిచేస్తుంది. 1955 ఫిబ్రవరి 26న అమెరికాలో జార్జ్ స్మిత్ అనే పరీక్షా పైలట్ ఎఫ్-100 నుంచి ధ్వనిని మించిన వేగంలో ఎజెక్ట్ అయ్యాడు. రోజుల తరబడి స్పృహ లేదు, నెలల తరబడి ఆసుపత్రి. అయినా బతికాడు, మళ్లీ ఎగిరాడు. మన దగ్గర డీఆర్‌డీవో 2025 డిసెంబరులో చండీగఢ్‌లోని రాకెట్ పట్టాల మీద తేజస్ ముందు భాగాన్ని గంటకు 800 కిలోమీటర్ల వేగంతో పరుగెత్తించి, పైకప్పు పగలడం నుంచి బొమ్మ పైలట్ బయటపడటం దాకా మొత్తం పరీక్షించింది. ఆ బొమ్మలోని పరికరాలు నమోదు చేసే దెబ్బలు, కుదుపులు, త్వరణాలే ఒక మంచి సిమ్యులేటర్‌కు కావలసిన అసలు సమాచారం.

పారాచూట్ విచ్చుకున్నాక ఆట సాధారణంగా ఆసక్తి కోల్పోతుంది. పైలట్‌కు మాత్రం పని అప్పుడే మొదలు. ఎజెక్షన్ పారాచూట్ సెకనుకు ఆరేడు మీటర్ల వేగంతో దిగుతుంది, నేల తాకేసరికి అది రెండు, రెండున్నర మీటర్ల గోడ మీద నుంచి దూకినట్టుంటుంది. అప్పటికే వెన్నుకు దెబ్బ తగిలి ఉండొచ్చని మరిచిపోవద్దు. వెయ్యి మీటర్ల ఎత్తు నుంచి దిగడానికి రెండున్నర నిమిషాలు. సెకనుకు ఐదు మీటర్ల గాలి వీస్తుంటే ఈలోగా ముప్పావు కిలోమీటరు పక్కకు కొట్టుకుపోతాడు. నల్లగొండ, మహబూబ్‌నగర్ నేల మీద ఆ ముప్పావు కిలోమీటరులో ఏముంటాయో ఆలోచించండి. దున్నిన చెల్క దొరికితే అదృష్టం. పక్కనే గుండ్రాళ్ల గుట్ట ఉండొచ్చు. బోర్లకు కరెంటు మోసే తీగలు పొలం పొలానికీ ఉంటాయి. గట్టు లేని పెద్ద వ్యవసాయ బావులు గడ్డి మాటున కనపడవు. వానాకాలం తర్వాత చెరువులు నిండి ఉంటాయి, బూట్లు, హెల్మెట్, పట్టీలతో నీళ్లలో పడితే పారాచూట్ గుడ్డే మీద కప్పుకుంటుంది. అందుకే కాళ్లు దగ్గరగా పెట్టి, మోకాళ్లు కాస్త వంచి, పక్కకు దొర్లడం నేర్పుతారు. తీగలు తప్పవనిపిస్తే కాళ్లు బిగించి ముఖం పక్కకు తిప్పడం, నీళ్లలో పడగానే పట్టీలు విప్పుకోవడం కూడా. ఈ రెండున్నర నిమిషాల్ని ఆటలో ఉంచడం కష్టమేమీ కాదు. మన నేల బొమ్మలు, గాలి లెక్కలు ఇప్పటికే ఉన్నాయి. ఉంచాలన్న పట్టింపే కావాలి.

దిగిన తర్వాత కథ ఎట్లా ఉంటుందో తెలుగు ఇంటిపేరున్న ఒక పైలట్ జీవితం చెబుతుంది. 1999 మే 27న కార్గిల్ యుద్ధంలో ఫ్లైట్ లెఫ్టినెంట్ కంభంపాటి నచికేత బటాలిక్ ప్రాంతంలో మిగ్-27 నడుపుతూ శత్రు స్థావరాల మీద రాకెట్లు పేల్చారు. ఇంజను ఆరిపోయింది. మళ్లీ అంటించడానికి ప్రయత్నించారు, కుదరలేదు, ఎజెక్ట్ అయ్యారు. మంచు కొండల మీద దిగిన ఆయన్ని పాకిస్తాన్ సైనికులు పట్టుకున్నారు. ఆయన జాడ వెతుకుతూ పోయిన స్క్వాడ్రన్ లీడర్ అజయ్ ఆహుజా మిగ్-21ను క్షిపణి కూల్చింది. ఆహుజా తిరిగి రాలేదు. నచికేతను ఎనిమిది రోజుల తర్వాత విడుదల చేశారు. దేశమంతా ఆయన్ని వీరుడిగా చూసింది. కానీ ఎజెక్షన్‌లో వెన్నుకు తగిలిన దెబ్బ వల్ల ఆయన మళ్లీ యుద్ధవిమానం నడపలేకపోయారు. రవాణా విమానాలకు మారి, గ్రూప్ కెప్టెన్‌గా పదవీ విరమణ చేశారు. పాతికేళ్ల వయసులో ఒక హ్యాండిల్ లాగినందుకు ఆయన జీవితమంతా ఎగిరే విమానం మారిపోయింది. ప్రాణం దక్కడానికి చెల్లించిన ధర అది. అందులో పశ్చాత్తాపపడాల్సిందేమీ లేదు, సీటు చేయాల్సిన పని చేసింది.

ఆటలు తయారుచేసేవాళ్లకు ఇందులో చాలా ముడిసరుకుంది. ఐఎల్-2 గ్రేట్ బ్యాటిల్స్ అనే రెండో ప్రపంచ యుద్ధం ఆటను కెరీర్ పద్ధతిలో ఆడితే గాయపడిన పైలట్ కొన్నాళ్లు ఆసుపత్రిలో ఉంటాడు, ఈలోగా యుద్ధం సాగిపోతుంది. ఆ ఆలోచనను జెట్ యుగానికి తీసుకురావచ్చు. కీలు నొక్కిన క్షణంలో నేల నుంచి ఎత్తు, దిగే వేగం, వాలు, ముందుకు పోయే వేగం, ఈ నాలుగూ నమోదు చేసి, దిగిన తర్వాత ఆటగాడికి చూపించాలి: ఏ సెకనులో లాగి ఉంటే ఎంత ఎత్తు మిగిలేదో, ఆలస్యం ఎక్కడ జరిగిందో. స్టిక్ మీదికి వంగి ఉండగా దూకితే వెన్ను గాయం అవకాశం పెంచాలి. గాయపడితే నెలల తరబడి ఎగరనివ్వకూడదు, ఆ తర్వాత వైద్య పరీక్ష పెట్టాలి. కొందరిని తిరిగి స్క్వాడ్రన్‌కు పంపాలి. మిగతావాళ్లకు ఇల్యూషిన్ రవాణా విమానం తాళాలు ఇచ్చి, లేహ్‌కు సరుకు మోసే పనిలో పెట్టాలి.